మూర్తిగారి వాయిదాల డైరీ

"లోపలికి రా వెంకటేశం. గుమ్మంలో నిలబడి మాట్లాడితే మూడంతస్తులూ వింటున్నాయి," అంది నాగరత్నం.

వెంకటేశం కదల్లేదు. ఒక చేత్తో తలుపు రెక్క పట్టుకుని, ఇంకో చేత్తో ప్లాస్టిక్ ఫైలు అదుముకుని, చెప్పులు విప్పకుండా అలాగే నిలబడ్డాడు. చిరాగ్ అలీ లేన్‌లోని ఈ ఇంటికి ముప్ఫై నాలుగేళ్లుగా రోజూ వచ్చిపోయే గుమాస్తా. గుమ్మం దగ్గర పరాయివాడిలా ఆగిపోవడం ఇదివరకు ఎవరూ చూడలేదు.

"వస్తనమ్మా. సారు అడిగినదానికి జవాబు చెప్పి వస్త."

సారు అంటే ఇప్పుడు పవన్‌కుమార్. నలభై రోజుల కిందటి వరకూ ఆ పిలుపు ఈ ఇంట్లో వకీలు రాధాకృష్ణమూర్తిగారిది. ఆయన పోయాక కొడుక్కి వచ్చింది. కొడుకు దాన్ని వాడుకోవడం త్వరగానే నేర్చుకున్నాడు.

"నేను అడుగుతున్నది ఒక్కటే. జంగమ్మని పోలీసులు ఎందుకు తీసుకెళ్లారు?"

"వారంటు ఉన్నది సార్. పొద్దుగాల ఏడింటికి నాంపల్లి రైల్వే స్టేషన్ ముంగట బండి కాడికొచ్చి పట్టుకపోయిన్రు. జామపండ్ల బండి గాడ్నే ఉన్నది. పక్కన అరటిపండ్ల బాలకిషన్ ఫోన్ జేసిండు."

"వారంటు ఎందుకొచ్చింది?"

"వాయిదాకు హాజరు గాలె."

"ఎందుకు కాలేదు?"

"తారీఖు నేను చెప్పలె."

"ఎందుకు చెప్పలేదు?"

పవన్‌కుమార్ బ్యాంకులో పనిచేస్తాడు గానీ, తండ్రి క్రాస్ ఎగ్జామినేషన్ మాత్రం బాగా ఒంటబట్టింది. తండ్రిలో మిగతావేవీ ఒంటబట్టలేదని నాగరత్నం అభిప్రాయం. ఇవాళ ఆ అభిప్రాయం బయటపెట్టే స్థితిలో ఆవిడ లేదు.

"నాకే ఎర్క లేకుండె సార్. చిన్న వకీలు సార్లతోని ఫోన్ల కోర్టు సైటు చూపిచ్చిన. అండ్ల పాత తారీఖే కనవడుతున్నది. కొత్తది పెద్దసారు డైరీల రాసుకున్నడు. ఆ డైరీ దొరుకుతలేదు కద."

మూర్తిగారి పద్ధతి నాంపల్లి కోర్టులో అందరికీ తెలుసు. మిగతా వకీళ్ల డైరీలు గుమాస్తాల చంకల్లో తిరుగుతాయి. ఈయన డైరీ ఈయన సంచి దాటదు. వాయిదా పడగానే నిలబడ్డ చోటే తన చేత్తో రాసుకునేవారు. సాయంత్రం ఇంటికొచ్చి ముందుగదిలో కూర్చుని రాబోయే వారం తేదీలు పైకి చదివితే, వెంకటేశం విని పార్టీలందరికీ ఫోన్లు చేసేవాడు. ఇంకో నకలు లేదు. ఇద్దరు రాస్తే తేదీ తారుమారవుతుందని, పని మానుకుని వచ్చిన బీదవాడు ఉత్తపుణ్యానికి తిరిగిపోతాడని ఆయన భయం. తాను హఠాత్తుగా పోతే ఏమవుతుందన్న భయం మాత్రం ఎందుకో ఆయనకు కలగలేదు.

"డైరీ ఏది మరి?" అన్నాడు పవన్.

"సంచిల పెట్టిన సార్. దవాఖానల నా చేతులతోని అమ్మకిచ్చిన. గౌను, కండ్లద్దాలు, టిఫిను డబ్బ, డైరీ. నాలుగు."

"అమ్మా, సంచిలో డైరీ ఉందా?"

ఇదే ప్రశ్న పదో రోజున ఒకసారి అడిగాడు. ఫిబ్రవరిలో మరోసారి అడిగాడు. రెండుసార్లూ చూడలేదనే చెప్పింది. ఈసారి నాగరత్నం తల అడ్డంగా ఊపింది. మాట కన్నా అదే తేలికనిపించింది.

"విన్నావుగా? బార్ అసోసియేషన్‌లో ఏమనుకుంటున్నారో తెలుసా నీకు? డైరీ పట్టుకెళ్లి ఇంకో వకీలుకి ఇచ్చావని, నాన్న పార్టీలందరినీ అటు తోలుకుపోతున్నావని. నిన్న శ్యామ్‌సుందర్ అంకులే అడిగారు నన్ను."

వెంకటేశం తలుపు రెక్క వదిలేశాడు.

"మీరేమన్నరు సార్?"

"నేనేమంటాను? నాకేం తెలుసు?"

పక్కింట్లో కుక్కరు కూత వేసింది. తాను మాట్లాడాల్సింది ఇప్పుడేనని నాగరత్నానికి తెలుసు. ఒక్క మాట. నాలుక మీద దాకా వచ్చింది, వచ్చి అక్కడే ఉండిపోయింది.

"మంచిది సార్," అన్నాడు వెంకటేశం చివరికి. "అమ్మా, రెండున్నరకు జంగమ్మను కోర్టుల హాజరు పెడ్తరు. పెద్దసారు సంతాప సభ ఒకటిన్నరకు. నేను పన్నెండున్నరకల్లా ఆటో తీస్కొని వస్త. ఎండల మీరు నడువొద్దు."

చెప్పులతోనే వచ్చినవాడు చెప్పులతోనే మెట్లు దిగిపోయాడు.

*

నాగరత్నం వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పింది. కడగడానికి గిన్నెలేమీ లేవు. ఊరికే తిప్పింది.

డైరీ శనగపిండి డబ్బా వెనక ఉంది. పాత జాకెట్టు గుడ్డలో చుట్టి పెట్టింది.

దాచాలని దాచలేదు. పదకొండో రోజు చుట్టాలంతా వెళ్లిపోయాక సంచి తెరిచింది. డైరీ తిరగేస్తే జనవరి ఇరవై రెండు దగ్గర ఆగిపోలేదు. ఆయన ఆగిపోయారు గానీ డైరీ నడుస్తూనే ఉంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, జూన్ దాకా ఆయన వంకర రాతతో వాయిదాలు. మర్నాడు పొద్దున్నే కాఫీ కలుపుకుని ఆ రోజు పేజీ తీసింది. నాలుగో కోర్టు, రెండు బెయిళ్లు, ఒక సాక్షి. నలభై రెండేళ్లుగా రోజూ కాఫీ తాగుతూ ఆయన చెప్పేది సరిగ్గా అదే. "ఇవాళ నాలుగో కోర్టు, రత్నం. ఆలస్యమవుతుంది." ఆలస్యమవుతుందంటే ఆవిడకు అలవాటే. ఎదురుచూడటం కూడా అలవాటే. ఆ రోజు నుంచి మళ్లీ ఎదురుచూడటం మొదలుపెట్టింది.

వెంకటేశం అడిగిన రోజున ఇచ్చేద్దామనే అనుకుంది. ఇవాళ్టిది చదివి ఇద్దాం, రేపటిది చూసి ఇద్దాం అనుకుంటూ నెల దాటించింది.

ఇక ఫిబ్రవరి పద్దెనిమిది. అది వాళ్ల పెళ్లిరోజు. పేజీ తీస్తే 'జంగమ్మ. స్వయంగా హాజరు కావాలి' అని ఉంది. కింద రెండు గీతలు. నాగరత్నానికి ఒళ్లు మండింది. "పెళ్లిరోజున కూడా జంగమ్మేనా మీకు?" అని ఆ పేజీతో అరగంట పోట్లాడింది. పోట్లాడి, కాసేపు ఏడ్చి, డైరీ మూసి పెట్టేసింది. ఆ పేజీ అవతల జంగమ్మ అనే ప్రాణమున్న మనిషి ఒకతె ఉందనీ, ఆ కబురు ఆమెకు చేరాలనీ ఆవిడకు తట్టనే లేదు. దొంగతనం చేసినా ఇంత సిగ్గు వేసేది కాదు.

"అత్తయ్యా, నీళ్లు పోతున్నాయి."

కోడలు దివ్యశ్రీ వచ్చి కుళాయి కట్టేసింది. ఆఫీసుకు తయారై ఉంది. వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"వెంకటేశంగారు ఇంకా వెళ్లలేదు. కింద మెట్ల మలుపులో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి, కళ్లలో నలుసు పడిందని చెప్పారు."

నాగరత్నం గట్టు తుడుస్తూ ఉంది.

"శనగపిండి డబ్బా వెనక ఏముందో నాకు తెలుసు అత్తయ్యా."

చేతిలో గుడ్డ ఆగింది. "ఎప్పటి నుంచి?"

"మీ పెళ్లిరోజు నుంచి. మంచినీళ్లకి లేచాను. మీరు దాంతో దెబ్బలాడుతున్నారు."

"మరి వాడితో చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మాతో రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడతారు. దాంతో అరగంట మాట్లాడతారు. అదీ లాగేసుకోమంటానా?"

"ఇప్పుడు మాత్రం ఎందుకు చెబుతున్నావ్?"

"జంగమ్మ పోలీసు స్టేషన్లో ఉంది కనక."

నాగరత్నానికి కోపం వచ్చింది. కోడలి మీద కాదు. ఎవరి మీదో తెలియక కోడలి మీదే పడింది.

"నలభై రెండేళ్లు ఊరందరికీ పంచాను తల్లీ ఆయన్ని. అద్దె ఇళ్లవాళ్లకి కొంత, బళ్లవాళ్లకి కొంత, పౌర సమితికి కొంత. ఆదివారాలు కూడా పంచాను. అందరూ పట్టుకుపోగా మిగిలిన ముక్క నాది. పోయాక ఒక్క పుస్తకం నాకంటూ ఉండకూడదా?"

"ఉండొచ్చు. కానీ అది మీ పుస్తకం కాదుగా."

బయట పవన్‌కుమార్ స్కూటీ తాళాల కోసం అరుస్తున్నాడు. అత్తాకోడళ్లిద్దరూ పలకలేదు.

"మీ అబ్బాయికి నేను చెప్పను," అంది దివ్యశ్రీ లంచ్ బాక్సు తీసుకుంటూ. "చెప్పాల్సింది ఆయనకి కాదు కూడా. వెంకటేశంగారికి చెప్పాలి. మీరే చెప్పాలి."

ఆ పిల్ల వెళ్లిపోయాక నాగరత్నం డబ్బా జరిపి, జాకెట్టు గుడ్డ విప్పి, డైరీని చేతిసంచిలో పెట్టుకుంది. ఆటోలో చెప్పేద్దాం అనుకుంది. ఇద్దరే ఉంటారు, మూడో కంటికి తెలియదు, అదే మంచిది.

*

ఆటోలో వెంకటేశం ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. వెనక సీటంతా ఆవిడకే వదిలాడు.

ఆబిడ్స్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పిలిచింది. "వెంకటేశం."

"ఏందమ్మా?"

"ఏం లేదు. ఎండ బాగా ఉంది."

"ఔనమ్మా. మార్చి నెలనే గిట్లుంటే ఎట్ల?"

స్టేషన్ రోడ్డులో జంగమ్మ బండి కనిపించింది. జామపండ్ల మీద తడి గోనెసంచి కప్పి ఉంది. బాలకిషన్ కాబోలు, తన అరటిపండ్ల బండిని దానికి ఆనించి రెండూ చూసుకుంటున్నాడు. వెంకటేశం ఆటోలోంచి చెయ్యెత్తాడు. అవతల మనిషి కూడా ఎత్తాడు. నాగరత్నం సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. కోర్టు గేటు దాకా మళ్లీ నోరు తెరవలేదు.

*

బార్ అసోసియేషన్ హాలు నిండిపోయింది. నల్లకోట్ల మధ్య అక్కడక్కడా రంగు చీరలు. పౌర సమితివాళ్లు వెనక వరుసల్లో ఉన్నారు. వేదిక మీద మూర్తిగారి ఫొటో. ఎవరో ఎక్కడి నుంచో వెతికి తెచ్చింది. జుట్టంతా నల్లగా ఉన్నప్పటిది. ముందు వరుసలో కొడుకు పక్కన కూర్చుని నాగరత్నం ఆ ఫొటో వైపు చూసింది. ఆ వయసులో ఆయన ఇంట్లో ఉన్న గంటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. నిజం చెప్పాలంటే బాగానే మాట్లాడారు. స్టేషన్ ముందు నడక వంతెన కోసం మూర్తిగారు తొమ్మిదేళ్లు ఎలా తిరిగారో ఒకాయన చెప్పాడు. వంతెన పని మొదలైన ఏడాదే పవన్‌కి టైఫాయిడ్ వచ్చిందని నాగరత్నానికి గుర్తొచ్చింది. గల్లీలో పిల్లలు ఆడుకునే చోటు పార్కింగుకు పోకుండా ఎలా ఆపారో సమితి తరఫున ఒకామె చెప్పింది, చెబుతూ ఏడ్చింది. ఇంకొకాయన లేచి, రాత్రి పదకొండింటికి వెళ్లినా మూర్తిగారి తలుపు తెరుచుకునేదన్నాడు. అందరూ తలలూపారు. ఆ తలుపు తీసిందెవరో ఆయన చెప్పలేదు. చెప్పలేదని నాగరత్నానికి బాధ కూడా కలగలేదు. అలవాటైపోయింది.

కానీ ఆ జనం మధ్య ఆవిడకు చెప్పలేనంత ఒంటరితనం వేసింది. వీళ్లందరికీ తలా ఒక మూర్తిగారు ఉన్నారు. ఒకరికొకరు చెప్పుకుని ఆయన్ని బతికించుకుంటున్నారు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వంటింటి గడప మీద కూర్చునే మూర్తిగారి గురించి చెప్పుకోవడానికి ఆవిడకు ఎవరున్నారు? సంచిలో ఉన్న ఆ పుస్తకం తప్ప.

ఆఖరున అధ్యక్షుడు శ్యామ్‌సుందర్ లేచాడు. మూర్తిగారితో నలభై ఏళ్ల స్నేహం. పెద్ద గొంతు.

"మూర్తి సాబ్ గురించి నేను కొత్తగ ఏం చెప్త? వాళ్ల నాయన యాభై ఆరుల కర్నూలు నుంచి సర్కారు ఫైళ్లతోని ఈ ఊరికొచ్చిండు. కొడుకేమో ఈ ఊరి బీదోళ్ల ఫైళ్లన్నీ నెత్తినేసుకున్నడు. గట్లాంటి మనిషి మళ్ల రాడు." ఫొటో వైపు నుంచి హాలు వైపు తిరిగాడు. "కాని ఒక్కమాట చెప్పకుంటే నాకు మనసున పట్టది. ఆయన నిలబెట్టిన కేసులు ఇయ్యాల ఆగమైతున్నయి. ఒక ముసలమ్మ ఈ పొద్దు లోపలికి పోయింది. ఎందుకు? సాబ్ నీడల బతికినోళ్లే గిట్ల జేస్తరని ఎవరనుకున్నరు? నేను పేరు తియ్య. తెల్వాల్సినోళ్లకు తెల్సు."

తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. అక్కడ వెంకటేశం నిలబడి ఉన్నాడు. మామూలుగా ఇలాంటి సభల్లో మంచినీళ్లు అందించే మనిషి. అందరూ తన వైపే చూస్తున్నారని తెలిసి ఫైలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అంతే.

"ఇప్పుడు వదినగారు రెండు మాటలు మాట్లాడతరు."

ఎవరో మైకు తెచ్చి చేతిలో పెట్టారు. నాగరత్నం లేచింది. సంచి మోచేతికి వేలాడుతోంది. పవన్‌కుమార్ కింద నుంచి, భయం లేదు, మాట్లాడు అన్నట్టు చూస్తున్నాడు.

"అందరికీ నమస్కారం," అంది. గొంతు స్పీకర్లలో వేరేవాళ్లదిలా వినిపించింది. "ఆ డైరీ..."

రెండు వందల ముఖాలు. మూర్తిగారి భార్య అంటే వీళ్లందరికీ ఒక మర్యాద. ఇంకో వాక్యం అంటే అది ఉండదు. నలభై రెండేళ్లలో ఆవిడకు తనదంటూ వచ్చింది ఆ మర్యాద ఒక్కటే.

"ఆయన డైరీల్లో మీ పేర్లే ఉండేవి ఎప్పుడూ. మీరంతా ఇలా వచ్చినందుకు సంతోషం."

చప్పట్లు కొట్టారు. గట్టిగా, చాలాసేపు కొట్టారు. నాగరత్నం కూర్చుంది. ఆ చప్పట్లకి ఆవిడ మీద ఆవిడకే అసహ్యం వేసింది.

మళ్లీ తలెత్తి చూసేసరికి తలుపు దగ్గర వెంకటేశం లేడు. గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. భోజనం పొట్లాలు పంచుతున్నారు.

"అమ్మా, ఎక్కడికి? తిని వెళ్దాం," అన్నాడు పవన్.

"నువ్వు తిను."

*

కోర్టు గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గాలి మాత్రం లేదు. గోడవార ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ల మధ్య జంగమ్మ నిలబడి ఉంది. రెండేళ్ల కిందట బళ్లు ఎత్తేస్తున్నప్పుడు అడ్డం పడి, అధికారుల విధులకు ఆటంకం కలిగించిందని కేసు. మనిషి చూస్తే అయిదడుగులు కూడా లేదు.

నాగరత్నాన్ని చూడగానే ముఖం వెలిగింది.

"అమ్మా, నువ్వెందుకొచ్చినవు గీడికి? సారు పోయినంక నిన్ను జూడనీకి రాలేకపోయిన. బండి యాడ ఇడిసి రావాలె, జెప్పు? మనసుల పెట్టుకోకు."

నాగరత్నం జంగమ్మ చెయ్యి పట్టుకుని వదిలేసి, వెనక బల్ల మీద కూర్చుంది. వెంకటేశం రెండు బల్లల ముందున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మేజిస్ట్రేటు వయసులో చిన్నవాడు. వేరే జిల్లా నుంచి బదిలీ మీద ఆ సోమవారమే వచ్చాడు. కాగితాలు తిరగేశాడు.

"ముద్దాయి తరఫు వకీలు ఎవరు?"

బెంచి క్లర్కు ఫైల్లో చూసి చదివాడు. "రాధాకృష్ణమూర్తిగారు సార్." చదివాక గానీ ఏం చదివాడో అతనికి తెలియలేదు. సవరించుకోబోయేలోపే మేజిస్ట్రేటు బంట్రోతు వైపు చూశాడు.

"పిలవండి."

బంట్రోతు వరండాలోకి వెళ్లి కేకేశాడు. "రాధాకృష్ణమూర్తిగారూ! రాధాకృష్ణమూర్తిగారూ!"

ఆ కేక వరండా పొడుగునా వినిపించింది. అవతల భోజనాల దగ్గరున్న నల్లకోట్లలో కొందరికైనా వినిపించే ఉంటుంది. ఒక్కరూ రాలేదు. మూడోసారి పిలిచేసరికి నాగరత్నం లేచి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియదు.

"ఆయన లేరండి," అంది.

"కోర్టుకి రాలేదా?"

"చనిపోయారు."

నలభై రోజులుగా వచ్చిన ప్రతివాళ్లూ ఆవిడతో అన్న మాట అది. ఆవిడ మాత్రం ఎవరితోనూ అనలేదు. ముందు బల్ల పట్టుకుంది.

"మీరెవరు?"

"ఆయన భార్యనండి."

మేజిస్ట్రేటు కలం పక్కన పెట్టాడు. "కూర్చోండమ్మా. నాకు తెలియదు, క్షమించండి." తర్వాత వెంకటేశాన్ని చూశాడు. "మీరు వారి గుమాస్తానా? వకీలుగారు లేకపోతే లేకపోయారు, వాయిదా తేదీ ఈమెకి మీరు చెప్పాలిగా?"

వెంకటేశం లేచి చేతులు కట్టుకున్నాడు.

"తప్పు నాదే సార్. నేనే మర్శిపోయిన. ముసలామెది ఏం తప్పు లేదు, ఆమెకు ఎర్కనే లేదు. ఏమన్న ఉంటే నన్ననుర్రి, ఆమెను ఇడిసిపెట్టుర్రి."

పొద్దున ఇంట్లో పరువు తీసినా, మధ్యాహ్నం రెండు వందల మందిలో దొంగని చేసినా ఒప్పుకోని మనిషి, జంగమ్మ కోసం ఇక్కడ ఒప్పేసుకుంటున్నాడు.

"కాదండి," అంది నాగరత్నం. గట్టిగానే వచ్చింది గొంతు. "అతనికి తేదీ తెలియదు. తేదీ రాసిన డైరీ నా దగ్గరుంది. నేను దాచుకున్నాను. కొడుకు అడిగితే లేదన్నాను. ఇతను అడిగితే లేదన్నాను. ఫిబ్రవరి పద్దెనిమిది పేజీ నేను చదివాను కూడా."

సంచిలోంచి డైరీ తీసింది. జాకెట్టు గుడ్డ ఇంకా దానికి చుట్టే ఉంది. అందరి ముందూ విప్పాల్సి వచ్చింది.

"ఎందుకు దాచారు?" అన్నాడు మేజిస్ట్రేటు. కోపంగా ఏం కాదు.

నాగరత్నం వెంకటేశం వైపు చూసింది. అతను ఆవిడను చూడటం లేదు. డైరీని చూస్తున్నాడు.

మేజిస్ట్రేటు పక్క బల్ల దగ్గరున్న ఒక యువ వకీలును పిలిచాడు. "శ్రీవిద్యగారూ, ముద్దాయి తరఫున మీరు చూస్తారా? వారంటు వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేయండి. ఈవిడ చెప్పినదంతా అఫిడవిట్‌గా రాయించండి. డైరీ జత చేయండి. నాలుగింటికి విని చెప్తాను." జంగమ్మ వైపు చూసి, "విడుస్తానని మాత్రం ఇప్పుడే అనుకోవద్దు," అన్నాడు.

వరండాలో శ్రీవిద్య చకచకా రాసుకుంది. నాగరత్నం సంతకం పెట్టింది.

"డైరీ తిరిగి ఎప్పుడిస్తారమ్మా?" అని అడిగింది.

"కేసు అయ్యేదాకా కోర్టులోనే ఉంటుందండి. రెండేళ్లు పట్టొచ్చు, మూడేళ్లు పట్టొచ్చు."

రేపు పొద్దున్న కాఫీ కలుపుకుని ఏం చేయాలో నాగరత్నానికి తోచలేదు. ఎల్లుండి సంగతి ఆలోచించనే లేదు.

"మేడం, జర ఆగుర్రి," అంటూ వెంకటేశం శ్రీవిద్య దగ్గరికి వచ్చాడు. "డైరీ లోపలికి పోయేముందు ఒక్క పావుగంట నాకియ్యుర్రి. జూన్ దాకా తారీఖులున్నయి. ఇంకా నలభై మంది దాకా ఉన్నరు. వాళ్లకైన నేను చెప్పాలె."

డైరీ తీసుకుని, కిటికీ పక్క బల్ల మీద కూర్చుని, ఫైలు వెనక అట్ట మీద ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. ఆ రాత అతనికి కొత్త కాదు గానీ, చేత్తో పట్టుకుని చదవడం మాత్రం ఇదే మొదటిసారి. ఒక్కో పేజీ చివర పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు.

నాగరత్నం దగ్గరికి వెళ్లి నిలబడింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తప్పైపోయిందనాలా? ఇంటికి రమ్మనాలా? ఇప్పుడే హాల్లోకి వెళ్లి అందరికీ చెబుతాననాలా?

"వెంకటేశం," అంది.

అతను తలెత్తలేదు. రాస్తున్న తేదీ పూర్తి చేసి, దాని పక్కన పేరు వేశాడు.

"వెలుగుకు అడ్డం నిలవడ్డరు," అన్నాడు. "జర జరుగుర్రి, మేడం."

ముప్ఫై నాలుగేళ్లుగా 'అమ్మా' అని పిలిచిన మనిషి. నాగరత్నం పక్కకు జరిగింది.